1915 నాటి బ్రౌన్‌ష్వైగ్ డచీ మూడు మార్కుల వెండి నాణెం: రెండు రకాల్లో ఇది ఏది?

ప్రశ్న: ఓకర్ ఒడ్డు

నమస్కారం. నేను జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరంలో చదువుకుంటున్నాను. విజయవాడలో ఉన్న మా నాన్నగారు చాలాకాలంగా ఈస్టిండియా కంపెనీ రూపాయలను, నిజాం కాలపు చార్మినార్ రూపాయలను సేకరిస్తున్నారు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు ఆయనకు ఈ ఊరితో సంబంధమున్న వెండి నాణెం ఒకటి తీసుకువెళ్లాలని వెతుకుతుండగా, పాత సామాను అమ్మే ఒకరి దగ్గర 1915 నాటి మూడు మార్కుల నాణెం కనిపించింది. బొమ్మ వైపు ఒక పురుషుని ముఖమూ ఒక స్త్రీ ముఖమూ ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకున్నట్లుగా పక్కపక్కన ఉన్నాయి, చుట్టూ జర్మన్ రాత ఉంది. బొరుసు వైపు జర్మన్ సామ్రాజ్యపు డేగ, సంవత్సరం, విలువ ఉన్నాయి.

నాణెం పెట్టిన కాగితపు కవరు మీద పెన్సిలుతో ‘యేగర్ 55’ అని రాసి ఉంది, అది యేగర్ అనే జర్మన్ నాణేల జాబితాలోని సంఖ్యట. ఇలాంటివి 1,700 మాత్రమే కొట్టారని, డ్యూక్ గారి బిరుదులో ఉండవలసిన ‘ల్యూనెబుర్గ్’ అనే పేరును కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, నిషేధించడం వల్లనే ఈ నాణెం అరుదైనదైపోయిందని అమ్మే ఆయన చెప్పారు. అడిగిన ధర కూడా ఆ కథకు తగినట్లే ఉంది. నేను ఇంకా కొనలేదు. నాణెం చూడటానికి మళ్లీ రావచ్చునన్నారు.

నాకు జర్మన్ కొంత వచ్చు గాని, నాణేల సంగతి తెలియదు. ఈ నాణెంలో రెండు రకాలున్నాయని విన్నాను. వాటి మధ్య తేడా ఏమిటో, ఎందుకు వచ్చిందో, నేను చూసినది ఏ రకమో తేల్చుకోవడానికి ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరా? కైజర్ కథ నిజమేనా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది, ఎందుకంటే నాన్నగారు నాణెం కన్నా ముందు దాని కథే అడుగుతారు.

జవాబు: కమ్మటం

సూటి జవాబు ముందు చెబుతాను. మీరు చూసిన ముఖాలు డ్యూక్ ఎర్న్‌స్ట్ ఆగస్ట్‌వి, ఆయన భార్య విక్టోరియా లూయిజెవి. బొమ్మ వైపు చుట్టూ ఉన్న రాతను భూతద్దంతో నిదానంగా చదవండి. డ్యూక్ బిరుదులో బ్రౌన్‌ష్వైగ్ అన్న తరువాత ‘ల్యూనెబుర్గ్‌కు కూడా’ అనే అర్థం ఇచ్చే కుదింపు ఉన్నదా లేదా అన్నదే మొత్తం తేడా. ఆ కుదింపులో మొదట యు అనే ఒంటరి అక్షరం, దాని పక్కన చుక్క, ఆపైన ఎల్‌తో మొదలయ్యే అయిదు అక్షరాల ముక్క ఉంటాయి, ఆ ముక్కలోని యు మీద రెండు చుక్కలు ఉంటాయి. అది ఉంటే మీరు చూసినది యేగర్ 57, లేకపోతే యేగర్ 55. అయిదు మార్కుల నాణెంలోనూ ఇదే తేడా ఉంది. కుదింపు లేనిది 56, ఉన్నది 58. కవరు మీద ఎవరో రాసిన సంఖ్యను నమ్మవద్దు. కవర్లు ఒక నాణెం నుంచి ఇంకొక నాణేనికి సులభంగా మారిపోతాయి.

ఇక సంఖ్యలు. ల్యూనెబుర్గ్ లేని మూడు మార్కులు 1,700, ఉన్నవి 31,634. ల్యూనెబుర్గ్ లేని అయిదు మార్కులు 1,400, ఉన్నవి 8,600. అన్నీ 1915 సంవత్సరంతోనే, బెర్లిన్ టంకశాల గుర్తు అయిన ఏ అక్షరంతోనే ఉన్నాయి. ఈ అంకెలను చాలామంది విడివిడిగా చదివి వదిలేస్తారు, కాని కలిపి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. అయిదు మార్కుల రెండు రకాలనూ కూడితే సరిగ్గా 10,000, అంటే 50,000 మార్కుల విలువ. మూడు మార్కుల రెండు రకాలనూ కూడితే 33,334. దానిని మూడుతో హెచ్చిస్తే 1,00,002. లక్ష మార్కులు పూర్తి కావాలంటే మూడు మార్కుల నాణేలు కనీసం ఎన్ని కావాలో సరిగ్గా అన్నే కొట్టారన్నమాట. దీనిని బట్టి నాకు తోచేదేమిటంటే, ఈ రెండు రకాలు వేర్వేరుగా మంజూరైన నాణేలు కావు. లక్ష మార్కులకు మూడు మార్కుల నాణేలు, యాభై వేల మార్కులకు అయిదు మార్కుల నాణేలు అని ముందే ఒక కేటాయింపు జరిగి, కొంత కొట్టిన తరువాత రాతను మార్చి కొత్త అచ్చులతో మిగతావి కొట్టి, మొదట కొట్టినవాటిని కూడా ఆ లెక్కలోనే కలుపుకున్నారు. అరుదైన నాణెం తయారు చేయాలని ఎవరూ పూనుకోలేదు, పని మధ్యలో రాత మారడం వల్ల అది మిగిలింది.

ఈ డచీకి, అంటే డ్యూక్ పాలించే ఈ రాజ్యానికి, వేరే విశిష్టత కూడా ఉంది, దానిని అమ్మేవారు అంతగా చెప్పరు. 1873 నాటి సామ్రాజ్య నాణేల చట్టం ప్రకారం రెండు మార్కులు, అంతకు మించిన విలువ గల నాణేల మీద ఒక వైపు సామ్రాజ్యపు డేగ ఉండాలి, రెండో వైపు ఆయా రాజ్యపు పాలకుని బొమ్మను వేసుకోవచ్చు. ప్రష్యా, బవేరియా వంటి పెద్ద రాజ్యాల నుంచి ఆల్టెన్‌బుర్గ్, మైనింగెన్ వంటి చిన్న డచీల వరకు అందరూ ఆ వెసులుబాటును వాడుకున్నారు. బ్రౌన్‌ష్వైగ్ మాత్రం 1875లో డ్యూక్ విల్‌హెల్మ్ బొమ్మతో ఇరవై మార్కుల బంగారు నాణెం ఒక్కటి కొట్టి ఊరుకుంది. ఆయన 1884లో వారసుడు లేకుండా మరణించిన తరువాత సింహాసనం దాదాపు మూడు దశాబ్దాలు ఖాళీగా ఉండి, పాలన రీజెంట్ల చేతిలో, అంటే పాలకుని తరఫున పాలించేవారి చేతిలో, నడిచింది. రీజెంట్ ముఖం నాణెం మీదకు రాలేదు. అందువల్ల జర్మన్ సామ్రాజ్యపు కాలంలో బ్రౌన్‌ష్వైగ్ పేరుతో వచ్చిన వెండి నాణేలంటే 1915 నాటి ఈ నాలుగే. రాజ్యాల వారీగా ఒక్కొక్క వెండి నాణెం సేకరించేవారందరికీ వీటిలో ఒకటి తప్పనిసరి, అందుకే మామూలు రకమైన 57కు కూడా గిరాకీ తగ్గదు.

సింహాసనం ఎందుకు ఖాళీ అయిందన్నది నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఆ సంగతి వారికి వదులుతున్నాను.

జవాబు: వంశావళి

పైన చెప్పిన లెక్క నిజంగా ఆలోచింపజేసేది. దానిని ఆధారం చేసుకుంటే అమ్మే ఆయన చెప్పిన కైజర్ కథ నిలవదు. ల్యూనెబుర్గ్ పేరును నిషేధించి ఉంటే ఆ పేరున్న నాణేలు తక్కువగా, లేనివి ఎక్కువగా ఉండాలి. జరిగింది అందుకు తలకిందులు. కైజరే రాజుగా ఉన్న ప్రష్యాకు రాజధాని అయిన బెర్లిన్‌లోనే, కైజర్ కళ్లెదుటే, ఆ పేరుతో నలభై వేలకు పైగా నాణేలు తయారయ్యాయి. అంటే చివరకు నెగ్గినది పూర్తి బిరుదే. అయితే ఆ కథ గాలిలోంచి పుట్టిందని కూడా అనలేము. ల్యూనెబుర్గ్ అనే ఆ కుదింపు వెనుక యాభై ఏళ్ల వైరం ఉంది.

మూలం నుంచి చెప్పాలంటే, 1235లో వెల్ఫ్ వంశస్థుడైన ఓటోకు బ్రౌన్‌ష్వైగ్-ల్యూనెబుర్గ్ అనే డచీ ఏర్పడింది. తరువాతి తరాలలో ఆస్తి పంపకాల వల్ల అది ముక్కలైనా, ఏ శాఖవారైనా తమను బ్రౌన్‌ష్వైగ్-ల్యూనెబుర్గ్ డ్యూక్‌లుగానే పిలుచుకున్నారు. భూమి పంచుకున్నారు గాని బిరుదు పంచుకోలేదు. ల్యూనెబుర్గ్ పట్టణమూ ఆ ప్రాంతమూ 1705 నుంచి హానోవర్ శాఖ చేతిలో ఉన్నాయి. ఆ హానోవర్ శాఖే 1714లో బ్రిటన్ సింహాసనం ఎక్కింది. మీ నాన్నగారి దగ్గర 1835 నాటి కంపెనీ రూపాయి ఉంటే, దాని మీద ఉన్న నాలుగవ విలియం అప్పట్లో హానోవర్‌కు కూడా రాజే. ఆయన 1837లో చనిపోయినప్పుడు బ్రిటన్ సింహాసనం విక్టోరియాకు దక్కింది. హానోవర్‌లో మగ వారసుడు ఉండగా స్త్రీకి రాజ్యం రాదు కాబట్టి, అది ఆమె పినతండ్రి ఎర్న్‌స్ట్ ఆగస్ట్‌కు వెళ్లింది. మన దేశంలో 1840 నుంచి రూపాయి మీద కనిపించిన రాణి, ఈ మూడు మార్కుల మీద ఉన్న డ్యూక్ ఒకే ఇంటివారు. నాన్నగారికి చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనిపించదు.

వైరం 1866లో మొదలైంది. ఆస్ట్రియా, ప్రష్యా యుద్ధంలో హానోవర్ రాజు అయిదవ జార్జ్ ఆస్ట్రియా పక్షం వహించి ఓడిపోయాడు. ప్రష్యా హానోవర్ రాజ్యాన్ని పూర్తిగా కలిపేసుకుని ఒక ప్రావిన్సుగా మార్చింది. కంటిచూపు లేని ఆ రాజు కుటుంబంతో సహా దేశం విడిచి ఆస్ట్రియాకు వెళ్లిపోయాడు. వెల్ఫ్ కుటుంబపు సొత్తును జప్తు చేసిన బిస్మార్క్, దాని రాబడిలో కొంత పత్రికలను తనవైపు తిప్పుకోవడానికి వాడుకోవడం అప్పట్లో పేరుమోసిన వ్యవహారం. ఇక 1884లో బ్రౌన్‌ష్వైగ్ డ్యూక్ విల్‌హెల్మ్ మరణించినప్పుడు చట్టప్రకారం ఆ డచీకి వారసుడు అయిదవ జార్జ్ కుమారుడైన కంబర్లాండ్ డ్యూక్ ఎర్న్‌స్ట్ ఆగస్ట్. ఆయన హానోవర్ మీద హక్కు వదులుకోనన్నాడు. వదులుకోనివాడు పక్కనే ఉన్న బ్రౌన్‌ష్వైగ్‌లో కూర్చుంటే సామ్రాజ్యంలో శాంతి ఉండదని వాదించి, 1885లో సామ్రాజ్య రాజ్యమండలి అయిన బుండెస్రాట్ చేత ఆయనకు అడ్డుకట్ట వేయించారు. మొదట ప్రష్యా రాకుమారుడు ఆల్బ్రెష్ట్, ఆయన 1906లో మరణించాక మెక్లెన్‌బుర్గ్ డ్యూక్ యోహాన్ ఆల్బ్రెష్ట్ రీజెంట్లుగా పాలించారు.

ముడి విడిపోవడానికి కారణం చర్చలు కాదు, ఒక చావు, ఆపైన ఒక పెళ్లి. 1912 మే నెలలో డెన్మార్క్ రాజు ఎనిమిదవ ఫ్రెడెరిక్ అంత్యక్రియలకు కారులో వెళుతూ కంబర్లాండ్ డ్యూక్ పెద్ద కొడుకు గెయోర్గ్ విల్‌హెల్మ్ ప్రష్యా భూభాగంలో ప్రమాదంలో మరణించాడు. కైజర్ ఆ కుటుంబం పట్ల చూపిన మర్యాదకు కృతజ్ఞత తెలపడానికి అతని తమ్ముడు, తండ్రి పేరే గల ఎర్న్‌స్ట్ ఆగస్ట్ బెర్లిన్ వెళ్లాడు. అక్కడ కైజర్ ఒక్కగానొక్క కూతురు విక్టోరియా లూయిజెతో పరిచయమైంది. 1913 మే 24న బెర్లిన్‌లో జరిగిన వారి పెళ్లికి బ్రిటన్ రాజు అయిదవ జార్జ్, రష్యా చక్రవర్తి రెండవ నికోలస్ ఇద్దరూ వచ్చారు. మరుసటి ఏడాది యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన ఈ చుట్టాలు ముగ్గురూ ఒకే పందిట్లో కలిసిన ఆఖరి సందర్భం అదే. పెళ్లికొడుకు తండ్రి బ్రౌన్‌ష్వైగ్ మీద తన హక్కును కొడుక్కు వదిలిపెట్టగా, బుండెస్రాట్ పాత అడ్డంకిని తొలగించింది. 1913 నవంబరు 1న ఎర్న్‌స్ట్ ఆగస్ట్ బ్రౌన్‌ష్వైగ్ డ్యూక్ అయ్యాడు. హానోవర్‌ను వదులుకుంటున్నానని మాత్రం ఆయన నోటితో స్పష్టంగా చెప్పలేదు. ప్రష్యా సైన్యంలో అధికారిగా కైజర్‌కు చేసిన ప్రమాణమే చాలునని ప్రభుత్వం సరిపెట్టుకోవడం మీద అప్పట్లో గట్టి విమర్శలే వచ్చాయి.

ఇప్పుడు నాణెం దగ్గరకు వస్తే, 1915 నాటికి ల్యూనెబుర్గ్ పట్టణం ప్రష్యాకు చెందిన హానోవర్ ప్రావిన్సులో ఉంది. ప్రష్యా పాలిస్తున్న ఊరి పేరు బ్రౌన్‌ష్వైగ్ డ్యూక్ బిరుదులో కనిపిస్తే కొందరికి అది పాత హక్కును గుర్తు చేసినట్లు అనిపించవచ్చు. వెల్ఫ్ ఇంటివారికి మాత్రం అది ఇంటిపేరు వంటిది. వారసుడు లేకుండా మరణించిన ఆ విల్‌హెల్మ్ కాలపు తాలర్లు అనే పాత వెండి నాణేల మీద కూడా ల్యూనెబుర్గ్ కుదింపు ఉంది. దానిని వదిలేసి కొత్త డ్యూక్ నాణెం కొడితే తాతముత్తాతల బిరుదులో సగం కోసివేసినట్లే అవుతుంది. కాబట్టి నేను దీనిని నిషేధం కథగా కాక, బిరుదును సరిదిద్దిన కథగా చదువుతాను. కమ్మటం గారు చూపిన లెక్క కూడా దీనికే బలమిస్తోంది.

ఒక చిన్న విషయం చెప్పి ఆపుతాను. ఈ దంపతుల కూతురు ఫ్రెడెరికా తరువాత గ్రీస్ రాణి అయ్యారు. రాజ్యం పోయిన తరువాత ఆమె తన చిన్న కూతురు ఐరీన్‌తో కొంతకాలం మద్రాసులో ఉండి అద్వైతం అధ్యయనం చేశారు. ఈ నాణెం మీది ముఖాలకు మన దక్షిణాదితో ఉన్న సంబంధం అది.

ప్రశ్న వేసినవారు: ఓకర్ ఒడ్డు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ రోజు వెళ్లి భూతద్దంతో చూశాను. యు అక్షరం, చుక్క, ల్యూనెబుర్గ్ కుదింపు, దానిమీది రెండు చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. అంటే ఇది యేగర్ 57. ఆ సంగతి అమ్మే ఆయనకు మర్యాదగానే చెప్పాను. కవరు తనకు నాణెంతో పాటే వచ్చిందని చెప్పి, ధర తగ్గించి ఇస్తానన్నారు. కథ విన్న తరువాత మామూలు రకమైనా సరే తీసుకోవాలనే ఉంది. అసలు వెండిదేనా, నకిలీ కాదు గదా అని ఎలా చూసుకోవాలి? నాణెం మీద అక్కడక్కడ నల్లగా మసక పట్టి ఉంది, దానిని శుభ్రం చేయించి ఇవ్వవచ్చా? తగ్గించిన ధర సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: బొమ్మాబొరుసా

ముందుగా కొలతలు. సామ్రాజ్యకాలపు వెండి నాణేలన్నీ ఒకే లెక్కలో తయారయ్యాయి. అర కిలో శుద్ధ వెండి నుంచి నూరు మార్కులు రావాలి, అంటే మార్కుకు అయిదు గ్రాముల శుద్ధ వెండి. లోహంలో వెయ్యికి 900 వంతులు వెండి, మిగతాది రాగి. అందువల్ల మూడు మార్కుల నాణెంలో 15 గ్రాముల శుద్ధ వెండి ఉండాలి, మొత్తం బరువు 16.667 గ్రాములు, అడ్డుకొలత 33 మిల్లీమీటర్లు. అయిదు మార్కులైతే 27.777 గ్రాములు, 38 మిల్లీమీటర్లు. మీ నాన్నగారికి అలవాటైన కంపెనీ రూపాయి 11.66 గ్రాములే కాబట్టి, చేతిలో పెట్టుకోగానే ఇది బరువైనదని ఆయనకు తెలుస్తుంది. అంచు మీద ‘దేవుడు మాతో’ అనే అర్థం గల మూడు జర్మన్ మాటలు ఉండాలి. అంచు నున్నగా ఉన్నా, రూపాయి అంచులా గీతలు మాత్రమే ఉన్నా అక్కడితో వదిలేయండి.

బరువు సరిపోయినంత మాత్రాన సంతోషించకుండా సాంద్రత చూడండి. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి, త్రాసును సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి గిన్నె అడుగుకు గాని గోడలకు గాని తగలకుండా నీటిలో వేలాడదీస్తే, త్రాసు చూపే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. ఈ మిశ్రమపు సాంద్రత నీటికి సుమారు 10.3 రెట్లు కాబట్టి మూడు మార్కుల నాణేనికి ఆ అంకె 1.62 గ్రాముల దగ్గర రావాలి. రెండు గ్రాములకు చేరువైతే అది వెండి కాదు, రాగి లేదా ఇత్తడి మీద పూత. అమ్మే చోట ఇదంతా చేయనివ్వకపోవచ్చు, కనుక తిరిగి ఇచ్చేసే వెసులుబాటు మాట్లాడుకుని కొనండి. జర్మనీలో నాణేల వ్యాపారం చేసే స్థిరపడిన దుకాణాలు రశీదు మీద అసలైనదని హామీ రాసి ఇస్తాయి. సామాను అమ్మేవారి దగ్గర అది దొరకదు, ఆ తేడా ధరలో కనిపించాలి.

మీది 57 కాబట్టి మోసపోయే ప్రమాదం తక్కువ. ఎప్పుడైనా ఎవరైనా 55 అని చూపిస్తే మాత్రం వెండి పరీక్ష చాలదు, ఎందుకంటే అసలైన 57 మీద ల్యూనెబుర్గ్ ముక్కను చెక్కివేసి 55గా చూపాలనుకునేవాడి చేతిలో ఉన్నదీ అసలైన వెండే. అక్షరాలు తీసేసిన చోట నేల తక్కినంత చదునుగా ఉండదు, వెలుతురులో నాణేన్ని ఏటవాలుగా తిప్పితే అక్కడ మెరుపు విరుగుతుంది. పైగా రాత మార్చినప్పుడు అక్షరాల ఎడం కూడా మారుతుంది కాబట్టి, పెద్ద వేలం సంస్థలు ప్రచురించిన 55 ఫొటోతో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. 55 ధర 57 ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది గనుక నిపుణుల పరీక్ష లేకుండా దానిని కొనడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

ధర విషయంలో నేను అంకె చెప్పను, అది నాణెం స్థితిని బట్టి మారుతుంది. ఇక్కడి వేలాల్లో స్థితిని ‘షోన్’, ‘జేర్ షోన్’, ‘ఫోర్‌ట్స్యూగ్లిష్’, ‘ష్టెంపెల్‌గ్లాన్స్’ అని కింది నుంచి పై మెట్టు దాకా చెబుతారు. మీ నాణెం మీద డ్యూక్ చెంప, చెవి మీది జుట్టు, బొరుసు వైపు డేగ రొమ్ము మీది ఈకలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూసి ఏ మెట్టో అంచనా వేసుకుని, అదే మెట్టులో 57 ఇటీవలి వేలాల్లో ఎంతకు పోయిందో చూడండి. అడిగిన ధరలను కాదు, అమ్ముడైన ధరలనే చూడాలి. ఈ నాణేలు యుద్ధం మధ్యలో, జ్ఞాపిక నాణేలుగా వచ్చాయి. జనం వెండిని దాచుకుంటున్న రోజులవి. అందువల్ల అవి చేతులు మారి అరిగినవి తక్కువ, మంచి స్థితిలో దొరికేవే ఎక్కువ. బాగా అరిగిన 57కు ఎక్కువ ధర పెట్టవలసిన అవసరం లేదు.

ఇక శుభ్రం చేయించడం గురించి. దయచేసి చేయించకండి. మన ఇళ్లలో వెండి కంచాలను విభూతితోనో పళ్లపొడితోనో తోమినట్లు నాణేన్ని తోమితే, అచ్చు పడినప్పుడు ఏర్పడిన పై పొర సన్నని గీతలతో నాశనమవుతుంది, దానితో పాటు విలువలో పెద్ద భాగం పోతుంది. ఆ నల్లని మసక గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడినది, నాణేనికి హాని చేయదు. సమంగా పట్టిన మసకకు సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు కూడా. జిడ్డు ఉంటే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో కొద్దిసేపు ఉంచి రుద్దకుండా ఆరబెట్టడం వరకే మంచిది. పీవీసీ అనే ప్లాస్టిక్ కవరులో మాత్రం ఉంచవద్దు, కాలక్రమేణా అది పచ్చని జిగురు వదులుతుంది.

జవాబు: కమ్మటం

రెండు మాటలు కలుపుతాను. 57 మామూలు రకమని అందరమూ అంటున్నాము గాని, పక్క డచీలతో పోల్చి చూస్తే అది అంత మామూలుగా కనిపించదు. 1914లో ఆన్‌హాల్ట్ డ్యూక్ దంపతుల పెళ్లి రజతోత్సవానికి కొట్టిన మూడు మార్కుల నాణేలు 2,00,000. 1901లో ఆల్టెన్‌బుర్గ్ డ్యూక్ ఎర్న్‌స్ట్ 75వ పుట్టినరోజుకు కొట్టిన రెండు మార్కుల నాణేలు 50,000. 1915లో మైనింగెన్ డ్యూక్ గెయోర్గ్ మరణానికి గుర్తుగా వచ్చిన మూడు మార్కులు 30,000. అంటే 31,634 అన్నది చిన్న డచీల వరుసలోనూ కింది భాగంలోనే ఉంది. వీటిలో దేనిని చూసినా కొట్టిన సంఖ్య వేరు, ఇప్పుడు మిగిలిన సంఖ్య వేరు. 1920లో సామ్రాజ్యపు వెండి నాణేల చెల్లుబాటు రద్దయింది. ఆ రోజుల్లో వెండి ధర నాణెం మీది విలువను మించిపోవడంతో ఎన్నో కరిగిపోయాయి.

నా అభిరుచి అడిగితే మాత్రం, డబ్బు ఉన్నవారు 55 వెంట పడే బదులు అయిదు మార్కుల 58ని చూడాలంటాను. అది 8,600 మాత్రమే, పెద్ద పళ్లెం మీద రెండు ముఖాలూ రాతా విశాలంగా ఒదిగాయి, పూర్తి బిరుదు కూడా ఉంది. 55లో ఉన్న విశేషమంతా లేని అక్షరాలలోనే ఉంది, దానిని చూసి ఆనందించడానికి పక్కన 57 పెట్టుకోవాలి.

జవాబు: వంశావళి

తీసుకువెళ్లే ముందు చట్టం సంగతి కూడా ఆలోచించండి. మన 1972 నాటి పురావస్తువుల చట్టంలో నూరేళ్లు దాటిన నాణెం కూడా పురావస్తువు నిర్వచనంలోకి వస్తుంది, పురావస్తువులను దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు మాత్రమే ఉంది. 1915 నాణేనికి నూరేళ్లు నిండాయి. విజయవాడ చేరిన తరువాత దానిని జర్మనీలో అమ్మాలనో, విదేశంలో గ్రేడింగ్, అంటే స్థితి నిర్ధారణ, చేయించాలనో అనుకుంటే పని చిక్కుపడుతుంది. కాబట్టి నిపుణుల చేత పరీక్ష చేయించే ఆలోచన ఉంటే జర్మనీలో ఉండగానే చేయించండి. కొన్న రశీదును, నాణెం రెండు వైపుల ఫొటోలను ప్రయాణంలో దగ్గర ఉంచుకుని, విమానాశ్రయంలో కస్టమ్స్ వారు అడిగితే చూపండి. నాన్నగారు అమ్మే ఉద్దేశం లేకుండా దాచుకునేవారైతే ఇది వారిని ఇబ్బంది పెట్టదు.

ప్రశ్న వేసినవారు: ఓకర్ ఒడ్డు

ఆయనకు అమ్మే అలవాటు లేదు, మార్చుకునే అలవాటు కూడా లేదు. నీటి పరీక్షలో 1.6 వచ్చింది, అంచు మీది మాటలు చదవగలిగాను, బరువు 16.6 గ్రాములు చూపించింది. ఇటీవలి వేలాల్లో ‘జేర్ షోన్’ స్థితిలో అమ్ముడైన 57ల ధరలు చూపి, దానికి కొంచెం తక్కువకు బేరం కుదుర్చుకుని రశీదుతో తీసుకున్నాను. కవరు మీద ఉన్న 55ను ఆయనే కొట్టివేసి 57 అని రాసి ఇచ్చారు.